మా గుడి గోడల మేస్త్రీ

ఫోనులో ఆయన నంబరు ‘సున్నం మేస్త్రీ’ అని రాసుకున్నాను. అసలు పేరు రాసుకోవాలని అప్పట్లో తోచలేదు. మొన్న శనివారం మధ్యాహ్నం, మర్నాటి ఆరాధనకి పాటల వరస రాస్తూ కూర్చుంటే ఆ రెండు మాటలూ తెరమీద వెలిగాయి. మూడేళ్ళుగా ఆ నంబరు నుంచి నాకు ఫోను రాలేదు. నేనూ చెయ్యలేదు. రెండుసార్లు మోగనిచ్చి, మూడోసారి ఎత్తాను.

అవతల ఆడగొంతు.

“నమస్తే అండీ. ఈ ఫోను మా నాన్నదండీ. గురువారం పోయారు. ఇందులో నంబర్లున్నవాళ్ళందరికీ వరసగా చెప్పుకొస్తున్నాను. మీ పేరు ‘చర్చి మాస్టారు’ అని ఉంది. ఏ చర్చండీ?”

మా ఊరి పేరు చెప్పాను. అవతల కుట్టుమిషను చప్పుడు ఏదో వినిపిస్తోంది, అది ఆగింది.

“ఆ చర్చా,” అంది. “సరేనండీ. చెప్పాలి కాబట్టి చెప్పాను. ఉంటాను.”

నేను ‘అయ్యో’ అనడానికి కూడా సమయం ఇవ్వలేదు. ఇచ్చినా ఆ మాట అనే హక్కు నాకు ఉందో లేదో.

ఆయన జీవితం గురించి నాకు తెలిసింది చాలా తక్కువ. విజయవాడ భవానీపురంలో ఇల్లు. భార్య, ఒక కొడుకు, ఒక కూతురు. షుగరు వ్యాధి. గానుగ సున్నంతో గోడలు కట్టడం, బాగుచేయడం తండ్రి దగ్గర నేర్చుకున్నారు. ఇంతకుమించి నేను అడగలేదు. కానీ ఏడు నెలలు మా గుడిలో ఆయన నడిచిన తీరు, కూర్చున్న తీరు, గోడతో మాట్లాడిన తీరు మాత్రం నాకు నిన్న చూసినట్టుంది.

మా ఊరు చల్లపల్లి అవతల, కాలవ గట్టున ఉంటుంది. గుడి మిషనరీల కాలంనాటిది. ఇటుక, గానుగ సున్నం, మూరన్నర మందం గోడలు. మా నాన్నల తరంలో గోడలకి చెమ్మ ఎక్కుతోందని కింది సగానికి సిమెంటు పూత వేయించారు. చెమ్మ ఆగలేదు, ఇంకా పైకి ఎక్కింది. గోడల మీద తెల్లగా చవుడు పొంగేది. ప్రసంగం మధ్యలో ఆడవాళ్ళ వైపు పెచ్చులు రాలేవి. పడగొట్టి కొత్తది కడదామని సగంమంది, బాగుచేద్దామని సగంమంది. మా పాస్టరు గారు, మేమంతా అయ్యగారు అంటాం, బాగుచేద్దామన్నారు. సంఘ కార్యదర్శిని నేను. పటమటలో పాత ఇల్లు బాగుచేయించుకున్న ఒకాయన చెబితే ఈ మేస్త్రీ గారిని పిలిపించాను.

బస్సు దిగినప్పుడు ఎవరో ఇంజనీరు అనుకున్నాను. ఇస్త్రీ చొక్కా, జేబులో దువ్వెన, చేతిలో రేకుపెట్టె. అరవై దాటిన మనిషి. తల నెరిసినా మీసం మాత్రం నల్లగా రంగు వేసుకుని దువ్వుకున్నారు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, ఇంకెటూ చూడకుండా నేరుగా ఉత్తరపు గోడ దగ్గరికి వెళ్ళి, వేలి కణుపుతో టకటక కొట్టి చెవి ఆనించారు.

“డొల్ల,” అన్నారు. నాలుగడుగులు జరిగి మళ్ళీ కొట్టారు. “ఇక్కడ ఆవిడకి ప్రాణముంది.”

“ఎవరికండీ?” అన్నాను.

“గోడకి మాస్టారూ. ఇంతకుముందు పేషెంటుని ఎవరు చూశారు?”

సిమెంటు సంగతి చెప్పాను. ఆయన నెత్తి కొట్టుకున్నారు. “సిమెంటు డాక్టరా! ఆవిడకి ఊపిరాడక ఒంట్లో నీరు పట్టింది. ముందు ఆ తొడుగు ఊడదీయాలి. కొత్తది వేయడం తర్వాత సంగతి. మీరు ఏం చేయించాలనుకుంటున్నారు, బాగుచెయ్యడమా, కప్పెట్టడమా?”

“బాగుచెయ్యడమే.”

“అందరూ అదే అంటారు,” అని దువ్వెన తీసి మీసం దువ్వుకున్నారు.

గుడి వెనక గొయ్యి తవ్వించి సున్నం నానబెట్టారు. వారాలు గడిచినా అది గోడెక్కలేదు. నేను రోజూ బడి నుంచి వస్తూ గొయ్యిలోకి తొంగిచూసేవాణ్ణి. “ఏంటి మాస్టారూ, పిల్లల్ని లెక్కపెట్టినట్టు చూస్తారు? దాన్ని నాననివ్వండి. తొందరపడి ఎక్కిస్తే గోడమీద పగబడుతుంది,” అనేవారు. పూతలో కలపడానికి కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు వేరువేరు తొట్లలో ఉండేవి. బెల్లం నీళ్ళ చిక్కదనం చూడటానికి వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేవారు.

“షుగరు కదండీ మీకు!”

“ఇది తినడం కాదు మాస్టారూ, డ్యూటీ.”

మూడోసారి వేలు ముంచుతుంటే నేను చూశాను. “ఇవాళ కొంచెం ఓవర్‌టైం పడింది,” అన్నారు.

అయ్యగారిని ‘ఫాదర్ గారూ’ అని పిలిచేవారు. మాది ఫాదర్లుండే సంఘం కాదని, తనకి పెళ్ళయిందని అయ్యగారు ఎన్నిసార్లు చెప్పినా వినేవారు కాదు. “పిల్లలు ఇద్దరు కదండీ? మరి ఫాదరే,” అనేవారు. పేపరు కప్పులో టీ ఇస్తే తాగేవారు కాదు. సాసరులో పోసుకుని, చల్లార్చుకుని, గోడవైపు తిరిగి తాగేవారు. శుక్రవారం మధ్యాహ్నం చల్లపల్లి మసీదుకి వెళ్ళి, వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చేవారు. పని చేస్తున్నప్పుడు వెనక ఎవరైనా నిలబడితే తాపీ కిందపెట్టి, వాళ్ళు వెళ్ళేదాకా తీసేవారు కాదు. ఒక సాయంత్రం స్త్రీల సమాజంవాళ్ళు పాటలు సాధన చేస్తుంటే పరంజా మీంచి అరిచారు: “చివరమ్మాయి గొంతు డొల్లగా ఉందమ్మా, కొంచెం గట్టిగా అందుకో!” ఆ చివరమ్మాయి నా భార్య. యాభై దాటింది. అమ్మాయి అన్నందుకు డొల్ల అన్న మాటని క్షమించేసింది. ఆ రోజు నుంచి ఆయన టీ మా ఇంటినుంచే వెళ్ళేది.

పూత వేసినచోట తడి గోనెలు కప్పేవారు. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం నీళ్ళు చిలకరించేవారు. ఒకరోజు నేను గోనె ఎత్తి వేలితో తాకి, “ఎండిపోయిందండీ,” అన్నాను.

“ఎండటం వేరు, పండటం వేరు మాస్టారూ. కాయ ఎండితే పండవుతుందా? ఈ పూత గాలిని కొంచెం కొంచెంగా తాగి లోపల్నించి గట్టిపడాలి. అప్పటిదాకా దీనిమీద పల్చటి వెల్ల తప్ప ఏదీ వేయకూడదు.”

ఆ మాట నాకెంత నచ్చిందంటే ఆ వారమే యువకుల కూడికలో చెప్పేశాను. విశ్వాసం ఎండటం వేరు, పండటం వేరు అన్నాను. ఆమెన్లు వచ్చాయి. ఆ మాట మేస్త్రీ గారిదని మాత్రం చెప్పలేదు. అప్పుడది తప్పుగా తోచలేదు. నా అలవాటు అక్కడే తెలిసిపోతోంది.

నవంబరు చివరికి పూత పూర్తయింది. గోడలు అక్కడక్కడ బూడిదరంగుగా, మచ్చలు మచ్చలుగా ఉన్నాయి. “ఉగాది వెళ్ళాక చూడండి, పెళ్ళికూతురే,” అన్నారాయన. కానీ క్రిస్మస్ వారంలో పునఃప్రతిష్ఠకి బిషప్ గారు వస్తున్నారు. కార్డులు అచ్చయ్యాయి. ఈ మచ్చల గోడల మధ్య బిషప్ గారిని నిలబెట్టడమా అని సంఘంలో గొణుగుడు మొదలైంది. అందరికంటే ఎక్కువ గొణిగింది నేనే. మీగడరంగు ప్లాస్టిక్ పెయింటు వేయిస్తే అద్దంలా మెరుస్తుందని నా మనసులో పడింది. ఆయన్ని అడిగాను.

“వద్దు,” అన్నారు. నవ్వలేదు. “మాస్టారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, వద్దు. తడి ఇంకా లోపలే ఉంది. పైన పెయింటు వేస్తే ఆవిడ ముక్కూ నోరూ మూసినట్టే. కావాలంటే వెల్ల ఇంకో రెండు చేతులు వేస్తాను.”

తర్వాతి వారం భార్యకి కంటి ఆపరేషనని ఆయన భవానీపురం వెళ్ళారు. పది రోజులు రానన్నారు.

నేను ప్రార్థన చేశాను. దీన్ని దాచను, ఎందుకంటే నా పాపం అక్కడే మొదలైంది. మూడు రోజులు తెల్లవారే లేచి మోకరించాను. మూడోరోజు మనసుకి నెమ్మది వచ్చింది. అది నా తొందరకి దొరికిన నెమ్మది. నేను దాన్ని దేవుని నడిపింపు అనుకున్నాను. బయటివాడు తొందరపడితే తొందరపడ్డానంటాడు. మాలాంటివాళ్ళం తొందరపడి, దానికి దేవుని పేరు పెడతాం.

విజయవాడ నుంచి పెయింటర్లని పిలిపించాను. కమిటీలో అయ్యగారు ఒక్క ప్రశ్న అడిగారు. “మాస్టారూ, మేస్త్రీ గారు సరేనన్నారా?”

“అన్నారండి,” అన్నాను.

అంతే. ఒక్క మాట.

నాలుగు రోజుల్లో గుడి మెరిసిపోయింది. ఆ ఆదివారం నేను లేచి సాక్ష్యం చెప్పాను. మనుషులు నెలలు పడుతుందన్న పనికి ప్రభువు నాలుగు రోజుల్లో మార్గం తెరిచాడన్నాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు.

మేస్త్రీ గారు తిరిగొచ్చింది పునఃప్రతిష్ఠకి మూడు రోజుల ముందు. గుమ్మంలోనే వాసన పట్టేశారు. చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, గోడ కొట్టలేదు. అరచెయ్యి ఆనించి ఊరుకున్నారు. జ్వరం చూసినట్టు. నేను దగ్గరికి వెళ్ళాను.

“ఎవరు చెప్పారు మాస్టారూ?”

“కమిటీ నిర్ణయమండీ.”

“నేను వద్దన్నానని కమిటీకి చెప్పారా?”

నేను ఆయన చేతులు పట్టుకున్నాను. “మేస్త్రీ గారూ, పండగ వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకండి. బిషప్ గారు వస్తున్నారు. ఊరంతా సంతోషంగా ఉంది.”

ఆయన గోడవైపు ఒకసారి చూశారు. “పండగ ముందు ఇంటివాళ్ళ మనసు విరగ్గొట్టకూడదు. సరే, చెప్పను. కానీ తర్వాత మీరే చెప్పాలి.”

“చెప్తాను.”

ప్రతిష్ఠ రోజు ఆయన ఇస్త్రీ చొక్కాతో వెనక వరసలో కూర్చున్నారు. బిషప్ గారు ఆయనకి శాలువా కప్పారు. అందరితోపాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆయన శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుని, గోడ వైపే చూస్తూ కూర్చున్నారు.

ఫిబ్రవరిలో పొక్కులు లేచాయి. మొదట కిటికీల కింద, తర్వాత ఉత్తరపు గోడంతా. వేలితో నొక్కితే నీళ్ళు. భస్మ బుధవారం నాటికి పెయింటు సంచుల్లా వేలాడింది, దానితోపాటు పూత కూడా ఊడివచ్చింది. ఈస్టర్ ముందు వచ్చే శ్రమకాలంలో మొదటి ఆదివారం ఆరాధన తర్వాత కమిటీ కూర్చుంది. తొమ్మిదిమందిమి. మేస్త్రీ గారిని పిలిపించారు. ఆయన కోసం కుర్చీ వేశారు కానీ ఆయన కూర్చోలేదు.

మా పెద్దల్లో రైసుమిల్లు నడిపే ఆయన ఒకరు, నోరు గట్టిది. ఆయనే మొదలుపెట్టారు.

“ఏమయ్యా సాయిబూ, గానుగ సున్నం వందేళ్ళు ఉంటుందన్నావ్. మూడు నెలలు లేదే!”

“ఉండేదేనండీ. మీరు దానికి రెయిన్‌కోటు తొడిగారు. చెమట పట్టింది.”

“నువ్వు సరేనంటేనేగా వేసింది?”

“నేనా?” ఆయన నిజంగా ఆశ్చర్యపోయారు. నావైపు తిరిగారు. ఆ ముఖంలో అనుమానం కూడా లేదు. నేను చెబుతానని నమ్మిన ముఖం. “మాస్టారూ, నేనేమన్నానో చెప్పండి.”

మిగతా ఎనిమిదిమందీ నావైపు చూశారు. నా ఒళ్ళో బైబిలు సంచి ఉంది. దాని జిప్పు లాగి, మళ్ళీ మూశాను.

“ఆగితే మంచిదన్నట్టు... ఏదో అన్నారండీ. వద్దని గట్టిగా అన్నట్టు నాకు గుర్తులేదు.”

మిల్లాయన అందుకున్నారు. “పోనీ, పండక్కి ఇక్కడే ఉన్నావుగా? శాలువా కప్పించుకున్నావుగా? అప్పుడెందుకు చెప్పలేదయ్యా?”

మేస్త్రీ గారు మళ్ళీ నావైపు చూశారు. నేను పండగ ముందు పట్టుకున్న చేతులు ఆయన పక్కన అలాగే వేలాడుతున్నాయి. నేను తల ఎత్తలేదు. తర్వాత ఆయన భుజం మీది తువ్వాలు తీసి, శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకున్నారు.

“సరే అయ్యగారూ,” అన్నారు పాస్టరు గారితో. మొదటిసారి ఫాదర్ గారూ అనలేదు. “నన్ను వెళ్ళమంటారా?”

ప్రభువుని ఎరగనన్న శిష్యుడు బయటికి వెళ్ళి వెక్కివెక్కి ఏడ్చాడని పిల్లలకి ఎన్నిసార్లు పాఠం చెప్పానో. నేను బయటికి వెళ్ళి, ఇంటికి నడిచి, భోంచేశాను. ఆదివారం కదా, కోడికూర. మా ఆవిడ “మేస్త్రీ గారేరి, భోజనానికి రమ్మన్నాను కదా?” అంది. పని ఉండి వెళ్ళిపోయారన్నాను.

సున్నం తెలిసినవాళ్ళు ఇంకెవరూ దొరక్క, రెండు వారాల తర్వాత అయ్యగారు ఆయనకే ఫోను చేశారు. వస్తారని నేననుకోలేదు. వచ్చారు. “గోడ నాకేం ద్రోహం చేసిందండీ?” అన్నారట. పరంజా కట్టుకుని పెయింటు పొరలు పొరలుగా ఒలిచారు. పూత ఊడినచోట మళ్ళీ వేశారు. నాతో మాత్రం మాట్లాడలేదు. నేను పక్కనే నిలబడి ఉన్నా, టీ తెచ్చిన నా భార్యతో “మాస్టారు గారికి చెప్పండమ్మా, పంపు విప్పించాలి,” అనేవారు. ఆవిడ నన్ను, ఆయన్ని మార్చిమార్చి చూసేది. ఏమైందని అడిగితే నేను చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం గుడిలో ఇంకెవరూ లేకుండా చూసుకుని వెళ్ళాను. ఆయన పరంజా మీద కూర్చుని పెయింటు గీకుతున్నారు.

“మేస్త్రీ గారూ, ఆ రోజు నేను... నన్ను క్షమించండి.”

గీకడం ఆగలేదు. “ఆ రోజు మీతో ఎంతమంది కూర్చున్నారు మాస్టారూ?”

“నాతో కలిపి తొమ్మిదిమంది.”

“మిగతా ఎనిమిదిమందినీ పిలవండి. నేను దిగొస్తాను.”

“ఈస్టర్ వెళ్ళనివ్వండి. తప్పకుండా చెప్తాను. ఇప్పుడు చెబితే సంఘంలో గొడవ...”

అప్పుడు తిరిగి చూశారు. కనుబొమల మీద తెల్లటి పొడి. “గోడ విషయానికి క్రిస్మస్ వెళ్ళాలి. మనిషి విషయానికి ఈస్టర్ వెళ్ళాలి. మీకు పండగలు ఎక్కువ మాస్టారూ.”

ఈస్టర్ వెళ్ళింది. ఆయన వెల్ల వేసి, రేకుపెట్టె సర్దుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బస్సెక్కారు. పెంతెకొస్తు వెళ్ళింది. కోతపండగ వెళ్ళింది. గోడలు పండాయి. ఎండాకాలం లోపల అడుగుపెడితే కుండలో నీళ్ళ చల్లదనం. ఎవరి మీదా పెచ్చు రాలలేదు. ఆ గోడ పక్కనే నిలబడి ప్రతి ఆదివారం ప్రకటనలు చదివాను. సంఘంలో కథ కూడా స్థిరపడిపోయింది: సాయిబు నాసిరకం పని చేశాడు, అయినా అయ్యగారు దయతలచి మళ్ళీ అవకాశమిచ్చారు, రెండోసారి భయపడి సరిగ్గా చేశాడు. ఒక పెళ్ళివిందులో నా ఎదురుగానే ఎవరో ఈ కథ చెప్పారు. నేను పెరుగు వడ్డించుకున్నాను.

కూలిపోయే గోడకి గచ్చుపూత పూసి, ఇది నిలబడుతుందని జనాన్ని నమ్మించేవాళ్ళ మీద బైబిల్లో ప్రవక్త ఎంత మండిపడ్డాడో నాకు తెలుసు. ఆ వాక్యం మీద క్విజ్ పోటీకి ప్రశ్నలు తయారుచేసినవాణ్ణి నేను. గుడిని బాగుచెయ్యడం అంటే ముందు కప్పినదాన్ని ఊడదీయడం అని మాకు చేసి చూపించినవాడు మా మతంవాడు కాదు. పశ్చాత్తాపం అంటే ఇదే కదా అని అప్పట్లో నాకు తోచనైనా లేదు. గుడి అంటే గోడలు కాదు, మనుషులని వేదిక మీంచి ఎన్నోసార్లు చెప్పాను. అదే నోటితో గోడల పరువు కోసం ఒక మనిషిని పడగొట్టాను. నిజానికి గోడల పరువు కూడా కాదు. నాది.

శనివారం ఆ ఫోను వచ్చాక రాత్రి నా భార్యకి చెప్పాను. ఆవిడ లేచి వెళ్ళి వంటింట్లో గిన్నెలు కడిగింది. కడిగిన గిన్నెలనే మళ్ళీ కడిగింది. మర్నాడు సాక్ష్యాల సమయంలో నేను లేచి మొత్తం చెప్పాను. వద్దని ఆయన అన్నది, సరేనన్నారని నేను అబద్ధమాడింది, నోరు విప్పవద్దని బతిమాలింది, కమిటీలో గుర్తులేదన్నది. చెబుతూ ఏడ్చేశాను. రాళ్ళు వేస్తారనుకున్నాను.

“ప్రభువుకి స్తోత్రం!” అన్నారెవరో. ఆమెన్లు లేచాయి. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. ఆరాధన అయ్యాక మిల్లాయన వచ్చి నన్ను కావలించుకున్నారు. “ఎంత తగ్గింపు మనసండీ మాస్టారూ మీది! ఈ రోజుల్లో ఎవరు ఒప్పుకుంటారు?” సాయంత్రానికి నా వీడియో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంది. ‘కన్నీటి సాక్ష్యం’ అని పేరు పెట్టారు. కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా. మేస్త్రీ గారి గురించి ఒక్కరూ ఒక్క మాట రాయలేదు. నేను మళ్ళీ మెరిశాను.

గుమ్మం దగ్గర అయ్యగారు మాత్రం చెయ్యి కలిపి వదల్లేదు. “భవానీపురం వెళ్తున్నారా?” అని అడిగారు.

“రేపు వెళ్తానండీ.”

“వెళ్ళండి,” అని చెయ్యి వదిలారు.

సందులో మూడో ఇల్లు. ఆయన భార్య లోపలి గదిలో ఉన్నారు, బయటికి రాలేదు. కూతురు వసారాలో మిషను మీద జాకెట్టు కుడుతోంది. కుర్చీ చూపించి, మంచినీళ్ళిచ్చి, మళ్ళీ మిషను దగ్గర కూర్చుంది. ఆదివారం చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. ఈసారి ఏడవలేదు. ఆ అమ్మాయి గుడ్డ మీద చెయ్యి పెట్టి, తల వంచుకుని విన్నది.

“అయిపోయిందాండీ?” అంది.

“అయిందమ్మా.”

“మరి అవనిగడ్డ అవతల చర్చివాళ్ళ సంగతి?”

నాకు అర్థం కాలేదు.

“మీ గుడి అయ్యాక, ఆ తర్వాతేడాది వాళ్ళు నాన్నతో మాట్లాడారండీ. పాత చర్చి, ఇలాంటిదే. నాన్న రెండుసార్లు వెళ్ళి చూసొచ్చారు. గోడకి ప్రాణముంది, నిలబెడతాను అన్నారు. వాళ్ళకోసం సున్నం కూడా మాట్లాడుకున్నారు. తర్వాత వాళ్ళు ఫోను ఎత్తలేదు. నాన్నే మళ్ళీ వెళితే, ‘మీరు ముందు చేసిన చర్చి సెక్రటరీని కనుక్కున్నాం’ అన్నారట. మీరేనా అది?”

నేనే. అప్పటిదాకా నాకు గుర్తులేదని చెబితే ఎవరు నమ్ముతారో తెలియదు. కానీ గుర్తులేదు. ఆ అమ్మాయి అడిగాక వచ్చింది. బడి ఇంటర్వెల్లు. కొత్త నంబరు. సున్నం మేస్త్రీ ఎలాంటివాడు సార్ అని ఎవరో మర్యాదగా అడిగారు. పిల్లల గోలలో ఒక చెవి మూసుకుని, “మా అనుభవం అంత బాగా లేదండీ, ఆలోచించుకోండి,” అన్నాను. గంట కొట్టారు. క్లాసుకి వెళ్ళిపోయాను. ముందురోజు గుడిలో అన్ని పాపాలూ చెప్పుకున్నానని తేలికపడిన మనిషి లెక్కలో ఇది అసలు లేనే లేదు.

“నేనేనమ్మా.”

“ఆ తర్వాత నాన్న చర్చి పనులకి వెళ్ళలేదండీ. పిలిచినా వెళ్ళలేదు. ఇప్పుడు మా అన్నయ్య ఇదే పని చేస్తున్నాడు. ఎక్కడికెళ్ళినా, ‘ఆ గోడ పాడుచేసింది మీ నాన్నేనా’ అని అడుగుతున్నారు.” దారం తెంపింది. “పేరు నాన్నది. మోసేది వాడు.”

“నేనేం చెయ్యాలో చెప్పమ్మా.”

“నన్నడుగుతారేంటండీ? పెద్దవాళ్ళు, చదువుకున్నవాళ్ళు,” అని మిషను తొక్కడం మొదలుపెట్టింది.

అవనిగడ్డ అవతల ఉన్న ఆ ఊళ్ళో బస్సు దిగింది నిన్న పొద్దున. వాళ్ళ పాత చర్చి అక్కడ లేదు. కొట్టేశారు. దాని చోట స్లాబు, ముందు నాలుగు నున్నటి స్తంభాలు, మెట్లకి టైల్సు. సంఘపెద్ద ఒకాయన తాళాలగుత్తితో ఎదురొచ్చారు. నేనెవరో చెప్పగానే ముఖం విప్పారింది.

“మీరా మాస్టారూ! ఆ రోజు ఫోన్లో మాట్లాడింది నేనే. మీరు ముందే హెచ్చరించబట్టి బతికిపోయామండీ. లేకపోతే ఆ పాత గోడలు పట్టుకుని వేలాడేవాళ్ళం. రండి రండి, లోపల చూద్దురుగాని. మిగతా పెద్దలు కూడా వస్తున్నారు, మీటింగుంది. వాళ్ళకీ మిమ్మల్ని పరిచయం చేస్తాను.”

నలుగురైదుగురు వచ్చారు. అందరూ వందనాలు చెప్పారు. ఒకాయన నా చెయ్యి పట్టుకుని ఊపారు. మధ్యలో నాకు కుర్చీ వేశారు. ఎవరో టీకి కేకేశారు.

“కూర్చోండి మాస్టారూ. ఏంటి విశేషం, ఇంత దూరం వచ్చారు?”

నేను కూర్చోలేదు.

“మీకు ఫోన్లో నేను చెప్పింది అబద్ధమండీ,” అన్నాను.